గోడ అవతలి రేగుచెట్టు

ఒక్క అబద్ధం. నాలుగు మాటల్లో అయిపోయింది. దాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు తెలియదు. మా పాస్టరుగారికి తెలియదు. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నా ముఖం చూడలేదు కనుక. ఇది పిరికితనమే. నాలో అదేమీ కొత్త కాదు.

రెండు వేల పదిహేను ప్రాంతంలో నేను ఖసబ్‌లో నర్సుగా పనిచేసేవాణ్ణి. ఒమాన్‌కు ఉత్తరాన చిట్టచివర, కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న చిన్న ఊరు. అక్కడ డ్యూటీ అంటే మస్కట్‌లోని మావాళ్లు జాలిపడేవారు. నాకు మాత్రం అక్కడే పిట్టల పిచ్చి పట్టింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆఫ్రికా నుంచి ఉత్తరదేశాలకు పోయే పక్షులు సముద్రం దాటే ముందు ఆ ఊరి ఖర్జూర తోటల్లో దిగుతాయి. మా ఊరు నరసాపురంలో ఉన్నన్నాళ్లూ తలెత్తి కాకిని కూడా చూడనివాణ్ణి, నైట్ డ్యూటీ దిగి రూమ్‌కి పోకుండా, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని తోటల వెంట తిరిగేవాణ్ణి. పిట్టలు చూసేవాడికి ఒక జబ్బు ఉంటుంది. కంటికి పిట్ట తప్ప ఇంకేదీ ఆనదు. గోడ ఆనదు. గోడ లోపల మనుషులుంటారన్న సంగతీ ఆనదు.

ఓబులమ్మ ఆ గోడ లోపలి మనిషి. కడప జిల్లా నుంచి వచ్చి ఒక పెద్ద ఇంట్లో వంటా, పిల్లల పనీ చేసేది. చెత్త పారేయడానికి గేటు బయటికి వచ్చినప్పుడు, నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విని ఆగింది. అలా పరిచయం. వీధిలో నిలబడి రెండు మాటలు, అంతే. ఆ రెండు మాటల్లో ఒకటి కూతురి గురించే ఉండేది. ఒకరోజు మాత్రం, తమ పెరట్లో రేగుచెట్టు మీద పాలపిట్టలాంటిది వాలుతోందనీ, గిన్నెలో నీళ్లు పెడితే తాగిపోతోందనీ చెప్పింది. సొంత ఊరి మనిషెవరో వచ్చినంత సంబరంగా చెప్పింది. రమ్మనలేదు.

మర్నాడు పొద్దున్నే నేను వెనక సందులోకి వెళ్లి, రాయి ఎక్కి, గోడ మీదుగా చూశాను. అక్కడ పెరడంటే ఆడవాళ్ల చోటు. పరాయి మగవాడి కన్ను పడకూడదనే గోడలు అంత ఎత్తు కడతారు. ఇది నాకు తెలియదా? వార్డులో ఆడమనిషి మంచం చుట్టూ పరదా ఉంటే, బయటే నిలబడి గొంతు సవరించుకుని, రమ్మన్నాకే లోపలికి అడుగు పెట్టేవాణ్ణి. అంత మర్యాదస్తుణ్ణి ఆ రాయి ఎలా ఎక్కాను? చెట్టు మీద అది ఉంది. మన పాలపిట్ట కాదు, దానికి పెదనాన్న కొడుకు వరస. మనదానికి రొమ్ము గోధుమరంగు, దీనికి రొమ్మంతా నీలమే. కెమెరా తీసి నొక్కాను. అంత సంతోషం నా జీవితంలో ఎన్నిసార్లు కలిగిందో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అది తలుచుకుంటేనే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఫొటోలో పిట్ట వెనక, తల మీద గుడ్డ లేకుండా బట్టలు ఆరేస్తున్న ఆ ఇంటి కోడలు పడింది. నేను ఆమెను చూడలేదు. ఆమె నన్ను చూసి కేక పెట్టింది. నేను మొదట చేసిన పని ఫొటో చెరిపేయడం.

ఇంటి పెద్దాయన వచ్చి, భుజం పట్టుకుని ముందు గేటు దాకా నడిపించాడు. కొట్టలేదు. ఎవరి కోసం తొంగిచూస్తున్నావని హిందీలో అడిగాడు. ఓబులమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"చెప్పన్నా, పిట్టను సూసేదానికి వచ్చినానని చెప్పు. ఆ కెమెరా సూపీ. పిట్ట బొమ్మే కదా దాంట్లో ఉండేది?"

చూపించడానికి పిట్ట లేదు. నిజం మాత్రం ఉంది. అది చెబితే ఆయన నమ్మేవాడేమో. నమ్మకపోతే? పోలీసులు, వీసా, ఉద్యోగం, అన్నీ కళ్ల ముందు గిర్రున తిరిగాయి. నోట్లోంచి హిందీలో మాట వచ్చేసింది, ఈమే నన్ను పిలిచిందని.

ఆమెకు హిందీ నాకంటే బాగా వచ్చు.

"నేనా? నేనెప్పుడు పిలిచినా అన్నా?"

నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. పెద్దాయన నా భుజం వదిలేసి ఆమె వైపు తిరిగాడు. మళ్లీ ఈ వీధిలో కనబడొద్దని నాతో అని గేటు వేసేశాడు. నేను బతుకుజీవుడా అని నడుచుకుంటూ వచ్చేశాను. ఆ వారంలోనే ఆమెను ఇండియా పంపేశారని విన్నాను.

ఇక్కడితో ఆగితే, భయపడ్డాను అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఆ శుక్రవారం మా తెలుగువాళ్ల ప్రార్థన కూడికలో సాక్ష్యం చెప్పడానికి నేనే లేచాను. గొప్ప ఆపదలోంచి ప్రభువు నన్ను తప్పించాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఒక అక్క కళ్లు తుడుచుకుంది. ఎందుకు లేచాను? ఎవరూ అడగలేదే. దేవుడి పేరు పెడితే అది నా పని కాకుండా పోతుందనుకున్నానా? అబద్ధం భయంతో ఆడాను. సాక్ష్యం మాత్రం కూర్చుని ఆలోచించుకుని చెప్పాను.

తర్వాత మస్కట్‌లోని ఘుబ్రాకు మారాను. అక్కడ క్లినిక్‌కి వచ్చిన ఒక కడప ఆవిడ, నేను ఖసబ్‌లో ఉండేవాణ్ణని తెలిసి, మాటల్లో ఓబులమ్మ సంగతి ఎత్తింది. తనది పక్క ఊరేనట. ఆమె కంటే ముందు కబురు ఊరు చేరిందట. ఇంటిమీదికి మగవాణ్ణి పిలిపించుకుందని. భర్త గడప తొక్కనివ్వలేదట. కూతురు తల్లితో మాట్లాడటం మానేసిందట. పాపం, ఎవడో ఏమో, వాడు మాత్రం హాయిగా ఉండుంటాడని ఆవిడ అంది. నేను ఆవిడ చేతికి బీపీ పట్టీ చుడుతున్నాను. తల ఊపాను. ఆ ఒక్కరోజు నోరు విప్పినా కబురు ఆ ఊరికి చేరేది. విప్పలేదు.

ఊరి పేరు నాకు తెలుసు. సెలవుకు వచ్చిన ప్రతిసారీ వెళ్దామనుకుంటాను. వెళ్లను. ఈసారీ వెళ్తానని మీకు మాట ఇవ్వలేను. నన్ను క్షమించమని అడగడం లేదు, అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఇదంతా రాశాక గుండె కాస్త తేలికపడిన మాట నిజం. ఆ తేలిక కూడా నాకే దక్కింది.

ఓబులమ్మ నన్ను పిలవలేదు. నేనే గోడ ఎక్కాను. ఈ మాట ఆమె కూతురి ఎదుట నిలబడి చెప్పాల్సింది. మీకు చెప్పాను.