బమ్రోలి షెడ్డులో మూడో రీమేక్

నా ఉద్యోగం చివరి సంవత్సరాల్లో, ఒక దీపావళికి నెల ముందు, నన్ను సూరత్ పంపారు. పండగకు అక్కడ మగ్గాలు మూడు వారాల దాకా ఆగుతాయి. ఆ సెలవుల్లో షూటింగ్ కోసం బమ్రోలిలో ఒక పవర్‌లూమ్ షెడ్డు అద్దెకు దొరికింది. నేను కో-డైరెక్టర్‌ని. అంటే దర్శకుడి తర్వాతి హోదా. పోస్టరు మీద పేరుండదు గానీ, ఏదైనా తేడా వస్తే ముందు పిలుపు మాత్రం మనకే.

కథ మాది కాదు. ఎప్పటిదో అమెరికా బ్లాక్ అండ్ వైట్ నేరకథ. భార్య, ఆమె ప్రియుడు కలిసి భర్తను చంపి ప్రమాదమని నమ్మిస్తారు. దాన్ని ఐరోపాలో ఒకరు, తర్వాత హిందీలో ఒకరు మళ్లీ తీశారు. మాది నాలుగోది. అమెరికా సినిమాలో భర్త కారులో పోతాడు, ఐరోపా సినిమాలో నదిలో, హిందీలో బావిలో. చావు మారుతూ వచ్చింది గానీ చంపిన మనిషి మారలేదు.

నా పని దానికి నేటివిటీ కలపడం. పరాయి కథ ఈ ఊళ్లోనే పుట్టిందనిపించేలా మనుషుల్ని, పనుల్ని, వస్తువుల్ని మార్చి రాయడాన్ని మా వాళ్లు అలా అంటారు. ఆ పాత సినిమాల్లో కిటికీ పలకల నీడలు ముఖాల మీద గీతలు గీతలుగా పడతాయి. షెడ్డులో అలాంటి కిటికీలు లేవు. మగ్గం మీద బిగించిన పడుగు దారాల వెనక లైటు పెట్టి చూశాం. హీరోయిన్ ముఖం మీద సన్నటి గీతలు పడ్డాయి. సూరత్‌లో నేను గర్వంగా చెప్పుకోగలిగిన పని అదొక్కటే.

భర్త ఎలా చావాలన్నది ఇంకా తేలలేదు. హీరోయిన్‌కు దారం కండెలు చుట్టడం నేర్పడానికి ఆ షెడ్డులోనే పనిచేసే కనకలక్ష్మిని పెట్టుకున్నాం. సిరిసిల్ల వైపు ఆమె. ఒక మధ్యాహ్నం టీ తాగుతూ, షెడ్డులో ప్రమాదాలు ఎలా జరుగుతాయని అడిగాను. ఆమె తన భర్త రమేశ్ సంగతే చెప్పింది. అతను మగ్గం మోటారు బాగుచేస్తూ మెయిన్ స్విచ్ వెయ్యమన్నాడట. ఆమె వేసింది. విప్పిన తీగ ఒకటి అతని చేతి కిందే ఉండిపోయింది. పోలీసులు ప్రమాదమనే రాశారు. వాడలో కొందరు మాత్రం వేరేగా అనుకున్నారు.

"మా అత్త ఒక్కతే నన్ను నమ్మింది సారూ. కొడుకు పోయినా నన్ను ఇడిశిపెట్టలే" అంది.

విని బాధపడ్డాను. ఆ సాయంత్రమే సీను రాశాను. రెండూ నిజమే. నా సీనులో భర్త మోటారు దగ్గర వంగి ఉంటాడు, భార్య చెయ్యి మెయిన్ మీదికి వెళ్తుంది. వెయ్యమని భర్త అనడు. ఇంత సహజమైన చావు అసలు సినిమాలో కూడా లేదని దర్శకుడు మెచ్చుకున్నాడు. ఎక్కడ దొరికిందని అడిగితే, ఆలోచిస్తే తట్టిందన్నాను.

షూటింగ్‌కు ముందురోజు పొద్దున కెమెరా రిహార్సల్ పెట్టాం. నటులు ఎక్కడి నుంచి ఎక్కడికి కదలాలో, ఫోకస్ ఎంత దూరమో అందులో కొలుచుకుంటారు. సెలవులకు ఊరికి వెళ్లని తెలుగువాళ్లు షెడ్డు గుమ్మం దగ్గర చేరారు. కనకలక్ష్మి అత్త లచ్చవ్వ ముందు వరసలోనే ఉంది. జనాన్ని దూరంగా ఉంచడం నా బాధ్యతే. కెమెరా తిరగడం లేదు కదా అని ఊరుకున్నాను.

హీరోయిన్ మెయిన్ వేసింది. మోటారు దగ్గర నటుడు కూలబడ్డాడు.

"గిది మన రమేశ్‌ది లెక్కనే ఉన్నది గద" అని గుమ్మం దగ్గర ఎవరో మెల్లగా అన్నారు.

లచ్చవ్వ కోడలి వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. కనకలక్ష్మి నా దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"ఆయన ఎయ్యమంటెనే ఏసిన అని చెప్పిన గద సారూ. గా మాట ఎందుకు తీసేసిన్రు?"

ఇది సినిమా అమ్మా, నీ కథ కాదు అన్నాను.

"నాది కాకుంటె నా చెయ్యి ఎందుకు పెట్టిన్రు?"

నాకు సిగ్గేసింది. దర్శకుడి దగ్గరికి నడిచాను.

ఖాయమైన సీనును మార్చే అధికారం కో-డైరెక్టర్‌కు ఉండదు. దర్శకుడు ఒప్పుకోవాలి, ఆయన నిర్మాతను ఒప్పించాలి. సీను ఎక్కడి నుంచి తెచ్చానో దర్శకుడికి దాచకుండా చెప్పాను. ఆయన చెడామడా తిట్టాడు, తిట్టడం న్యాయమే. తర్వాత సీను కొట్టేసి, చావును సరుకులెత్తే లిఫ్టు దగ్గరికి మార్చాడు.

ఆ సాయంత్రం షెడ్డు మేస్త్రీ నర్సయ్యను వెంటబెట్టుకుని లచ్చవ్వ ఇంటికి వెళ్లాను. మీ కోడలు చెప్పింది వేరు, నేను రాసుకున్నది వేరు అని చెప్పాను. ఆమె అంతా విన్నది.

"సదువుకున్నోనివి. ఏం లేకుంటె ఊకెనే గట్లెందుకు రాస్తవు సారూ?" అంది.

కొన్ని నెలల తర్వాత ప్యాచ్‌వర్క్ కోసం, అంటే ఎడిటింగ్‌లో తక్కువపడ్డ చిన్నచిన్న షాట్లు తీసుకోవడం కోసం, మళ్లీ అక్కడికి వెళ్లాను. కండెల దగ్గర మరొకామె కూర్చుని ఉంది. కనకలక్ష్మి ఏదని నర్సయ్యను అడిగాను.

"ముసలామె ఊరికి పోయింది సార్. కోడల్ని రావద్దన్నది. కోడలు సూరత్‌లనే ఇచ్ఛాపూర్ దిక్కు ఒక్కతే ఉంటున్నది" అన్నాడు.

సినిమా విడుదలైంది. లిఫ్టు సీను బాగుందని పత్రికల్లో రాశారు. మెయిన్ స్విచ్ సీను తెర మీద ఎక్కడా లేదు.

ముందు వచ్చిన మూడు సినిమాలూ నేను చాలాసార్లు చూశాను. భార్య తప్పు లేకపోతే ఏమవుతుందని ఒక్కసారీ అనుకోలేదు. అందుకే కనకలక్ష్మి చెబుతున్నప్పుడు భర్త అన్న మాట నాకు అక్కర్లేనిదిగా తోచింది. ఆ ఒక్క మాట తీసేస్తే ఆమె హంతకురాలవుతుంది. పరాయి కథలోకి ఒక ఊరి సంగతి తెచ్చినప్పుడు, అందులోంచి ఏది వదిలేశామో కూడా దర్శకుడికి చెప్పాలి. నేను చెప్పి ఉంటే ఆ సీను కాగితం దాటేది కాదు.