వాననీటి బ్యాటరీ

పులోలిలో కరెంటు పోయి ఏడాదిన్నర దాటింది. యుద్ధానికి పనికొస్తాయని టార్చి సెల్లులు కూడా సైన్యం ఊళ్ళోకి రానివ్వడం లేదు. సిమెంటు ఫ్యాక్టరీలో మోటార్లు బాగుచేసే కందవనానికి, ఫ్యాక్టరీ మూతపడ్డాక పనిముట్లు మిగిలాయి గానీ పని మిగల్లేదు. భార్య పూరణం నాలుగేళ్ళ కూతుర్ని చంకనెత్తుకుని పడవెక్కి, సముద్రం దాటి అవతలి ఒడ్డున మండపం అనే ఊళ్ళోని శరణార్థుల శిబిరానికి చేరింది. మంచాన పడ్డ తల్లిని వదల్లేక అతను ఆగిపోయాడు.

"నువ్వు పద, వెనకే వస్తా" అని ఒడ్డున నిలబడి చెప్పాడు. ఆ వెనక ఎప్పటికో అతనికీ తెలియదు.

ప్రతి గురువారం మధ్యాహ్నం అవతలి ఒడ్డు రేడియోలో శిబిరాలవాళ్ళు తమవాళ్ళకు రాసిన నాలుగు ముక్కలు చదువుతారని ఎవరో చెప్పారు. ఇంట్లో రేడియో ఉంది. దానికి ఊపిరి పోసేదే లేదు.

కందవనం పెరట్లో పడున్న మోటారుసైకిలు బ్యాటరీ బయటికి తీశాడు. తన సైకిలుకు స్టాండు వేసి, డైనమో తీగలు నేరుగా బ్యాటరీకి తగిలించి, రెండు గంటలు తొక్కాడు. రేడియో కిక్కురుమనలేదు. డైనమో కరెంటు అటూ ఇటూ ఊగుతుంది, బ్యాటరీకేమో ఒకే వైపు పోవాలి. తెలిసినవాడే, ఆత్రంలో మరిచాడు. పెళ్ళిళ్ళకు మైకులు కట్టేవాళ్ళ దగ్గర పాడైన ఆంప్లిఫయరు అడిగి, దాన్లోంచి నాలుగు డయోడ్లు ఊడదీసి మధ్యలో అతికాడు. ఈసారి బ్యాటరీలో సన్నటి బుడగలు లేచాయి. ఆ గురువారం రేడియో ఇరవై నిమిషాలు మాట్లాడింది. పూరణం పేరు రాలేదు.

పక్కింటి రాసమ్మ కంచె మీదుగా తొంగిచూసేది. ఆమె తమ్ముడూ ఆ శిబిరంలోనే ఉన్నాడు.

"ఎక్కడికన్నా ప్రయాణం? పొద్దుట్నుంచీ తొక్కుతున్నావు, ఇంకా వేపచెట్టే దాటలేదు!"

"మండపం దాకా పోవాలి రాసమ్మా. దూరం కదా మరి."

రాసమ్మ నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నెల తిరక్కుండానే బ్యాటరీ చచ్చింది. మూతలు తీసి చూస్తే పలకల మీద తెల్లటి పెచ్చు. ఆ ఊరి బావినీళ్ళు సున్నపురాతిలోంచి ఊరినవి, కాచిన గిన్నెకే పూత పడుతుంది. తగ్గినప్పుడల్లా ఆ నీళ్ళే పోశాడు. తనను తాను తిట్టుకుని, కార్తీకం వానల కోసం కాచుక్కూర్చున్నాడు. తొలి జల్లు గాలిలో దుమ్ము కడిగిపోయాక, వాకిట్లో దుప్పటంత ప్లాస్టిక్ కాగితం కట్టి గాజుసీసాల్లోకి వాననీళ్ళు పట్టాడు. రాసమ్మ తన తమ్ముడి స్కూటరు బ్యాటరీ పట్టుకొచ్చింది.

"ఇదీ చంపేశావంటే వాడొచ్చి నిన్నే తొక్కుతాడు" అంది.

అది బతికింది. గురువారమొస్తే వాకిట్లో పది పదిహేనుమంది చేరేవారు. వంతులవారీగా తొక్కేవారు. ఎవరి పేరు వినబడితే వాళ్ళు ఏడ్చేవారు, మిగిలినవాళ్ళు ఉష్ అనేవారు.

చుట్టుపక్కల ఊళ్ళకూ ఈ సంగతి పాకింది. ఒక గురువారం పొరుగూరి బడి పంతులు బతిమాలితే, అక్కడొకటి బిగించి రావడానికి కందవనం వెళ్ళాడు. భోజనాల వేళకి వచ్చేద్దామనుకున్నాడు. ఒక తీగ సతాయించింది. తిరిగొచ్చేసరికి రాసమ్మ వీధి మొదట్లోకే పరుగెత్తుకొచ్చింది.

"అన్నా! నీ పేరు చదివారన్నా!"

కందవనం ఆమెకు ఎదురెళ్ళాడు. "ఏమన్నారు?"

"పాపకి జ్వరం తగ్గిందట."

"జ్వరమెక్కడిదే?" అన్నాడు వెనకొచ్చిన చిన్నయ్య తాత. "పాప బళ్ళో చేరింది, వాళ్ళు చదివింది అదీ."

"వేళకి తింటున్నారా అని కదూ అడిగిందీ?" అంది ఇంకొకామె.

"నేను తొక్కుతున్నానన్నా. చైను చప్పుడులో సరిగ్గా..." రాసమ్మ తల దించుకుంది.

కందవనం అరుగు మీద కూలబడ్డాడు. "ముందు ఎవరి పేరు చదివారు? నాదా, పూరణానిదా?" అని అడిగాడు.

"నీదేనన్నా. నీదే ముందు."

ఆ తరువాత అతను ఏ గురువారమూ గడప దాటలేదు. జ్వరం తగ్గిందన్న మాట ఒకరోజు నమ్మేవాడు, బడి మాట ఒకరోజు. తిన్నారా అన్న మాట మాత్రం అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ నమ్మేవాడు. పదకొండు గురువారాలు గడిచాయి. అతని పేరు మళ్ళీ రాలేదు.

ఫాల్గుణంలో తల్లి పోయింది. వాళ్ళ ఆచారం ప్రకారం ముప్ఫై ఒకటో రోజు కర్మ ముగించి, సైకిలూ బ్యాటరీ రాసమ్మకు అప్పగించి పడవెక్కాడు.

మండపంలో పూరణం కుళాయి దగ్గర వరసలో ఉంది. బిందె కింద పెట్టేసింది. కూతురు ఆమె చీర చాటున దాక్కుని అతన్ని కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. అతను అడిగాడు.

"రేడియోకి ఏం రాశావు పూరణం?"

"ఎప్పటిదండీ?" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "వారం వారం రాశాను. వాటిలో ఏది చదివారో నాకేం తెలుసు?"