నలుగురి ఎరుక

బుద్ధుడి మీద నాకు కోపం లేదు. ఆయన పేరు చెప్పి మా ఇంట్లో నలుగురు మగవాళ్లు అన్నం నమిలిన తీరు మీదే కోపం. ఇప్పటికీ తగ్గలేదు.

మా ఆయన రెండేళ్లు రంగూనులో బియ్యం మిల్లు గుమాస్తాగా చేసి వచ్చారు. సముద్రం దాటినందుకు ప్రాయశ్చిత్తం చేయించుకుని ధవళేశ్వరం కాలవల ఆఫీసులో కుదురుకున్నారు గానీ, రంగూనులో ఒక బౌద్ధ భిక్షువు దగ్గర నేర్చుకున్న విద్య మాత్రం వదల్లేదు. ఏ పని చేసినా ఎరుకతో చెయ్యాలట. నడిస్తే అడుగు తెలియాలి, పీలిస్తే ఊపిరి తెలియాలి. ఒంటరిగా చేస్తే నిలవదు, తోడు కావాలంటూ బడిపంతులుగారినీ, ఆఫీసులో ఇద్దరు స్నేహితులనూ పోగేశారు. అందరూ మా శాఖవాళ్లే కనక పంక్తికి పేచీ రాలేదు. ఒకరికొకరు నిజంగానే ఆసరాగా ఉండేవారు, కాదనను. తమ్ముడు పోయి ఏడుస్తున్న స్నేహితుడి పక్కన మిగతా ముగ్గురూ మా అరుగు మీద ఒక పూటంతా మాటా పలుకూ లేకుండా కూర్చున్నారు. అలాంటి మనుషులు.

వాళ్ల భోజనమే నా ప్రాణానికొచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, పులుపెక్కడ తగిలింది, ఉప్పెక్కడ తగిలింది అని చూసుకుంటూ నమిలేవారు. మామూలు రోజుల్లో మా ఆయనొక్కరికే గంటన్నర పట్టేది. ఆదివారం నలుగురూ కూడితే, కందపులుసుతో మొదలెట్టి మజ్జిగకొచ్చేసరికి పొద్దు వాలేది. వాళ్లు లేస్తేగానీ ఆడవాళ్లు తినకూడదు. నేను మూడోనెల బాలింతని. నీరసంతో కళ్లు తిరుగుతుంటే గోడ పట్టుకుని నిలబడేదాన్ని.

"ఏమండీ, కాస్త త్వరగా కానివ్వకూడదూ?" అని ఒకసారి అడిగాను.

"తొందర కూడా మనసు చేసే అల్లరే. దాన్ని గమనించు" అన్నారు.

గమనించాను. ఒళ్లు మండిపోయింది.

నాకు పాలు తగ్గిపోయాయి. "తల్లి వేళకి తినకపోతే పిల్లకెక్కణ్ణించి వస్తాయమ్మా?" అంది మంత్రసాని. చంటిదాని చేతులు పుల్లల్లా అవుతుంటే, ఇది దక్కుతుందా అని భయం పట్టుకుంది.

ఆ వారమే, ఆదివారం పూట, అత్తగారు వడ్డిస్తుంటే నేను వంటింట్లో దానికి పాలివ్వబోయాను. రెండుసార్లు చప్పరించి, రొమ్ము వదిలేసి గుక్కపట్టింది. పంక్తిలో నలుగురూ కళ్లు తెరిచారు.

మా ఆయన నెమ్మదిగా చెయ్యెత్తి, "చలించకండి. శబ్దం వినిపిస్తోంది, అంతే. శబ్దమని ఎరిగి ఊరుకోండి" అన్నారు.

ముగ్గురూ బుద్ధిగా కళ్లు మూసుకున్నారు.

మా అత్తగారు అప్పుడే వార్చిన అన్నం పట్టుకుని మారు వడ్డనకి వెళ్లారు. ఆచారమంటే ఆవిడ నిప్పు. మగవాళ్ల కంటే ముందు కోడలు మెతుకు ముట్టిందంటే ఊరంతా చాటే మనిషి. ఆవిడ అక్కడే ఆగిపోయారు.

"ఒరేయ్, అది శబ్దం కాదురా. ఆకలి."

అన్నం గిన్నెతో వెనక్కి వచ్చేశారు. మడి సంగతే మరిచి చంటిదాన్ని లాక్కుని భుజాన వేసుకున్నారు. "పీట వాల్చుకోవే" అని నాకు విస్తరి వేసి వడ్డించారు. ఆవిడ ముఖం చూసి కూర్చున్నాను.

మారు వడ్డన ఆగిపోయి, పంక్తిలో నలుగురూ ఖాళీ విస్తళ్ల ముందు కూర్చున్నారు. ఆఖరికి పంతులుగారు, "అమ్మగారన్నది నిజమండీ. మనమిప్పుడు మన ఆకలిని గమనిద్దాం" అన్నారు. నాకు నాలుగు మెతుకులు దొరికితే అదీ వాళ్లకొక సాధనే! చిరాకుతో పళ్లు నూరుకున్నాను. ఉండండి, మీకు బాగా తెలిసొచ్చేలా నేనూ నిదానంగానే తింటానని పంతం పట్టాను.

ముద్ద కలుపుతుంటే వేళ్లు చురుక్కుమన్నాయి. ఏడుపొచ్చేసింది. కాపురానికొచ్చిన ఆరేళ్లలో, ఆ ఇంట్లో నేను వేడన్నం తినడం అదే మొదలు.