భుజం మీద రెండు వేళ్లు

“ఏమయ్యా, జర ఏమన్న తిన్నవా?” అని అడిగాను. ఆయన ముక్కుకూ నోటికీ ఆక్సిజన్ మాస్కు. ఆస్పత్రిలో వీడియో ఫోను నర్సమ్మ పట్టుకుంది. ఆయన కుడిచేతి రెండు వేళ్లతో ఎడమ భుజాన్ని రెండుసార్లు తట్టి, అరచెయ్యి బయటికి తిప్పాడు. నాకు అర్థం కాలేదు. “సరే, సరే తియ్. నువ్వు పండుకో” అన్నాను. మా ఆలుమగల ఆఖరి మాటలు ఇవే. అది 2021 ఎండాకాలం, సూరత్‌లో.

అప్పటికి నేను పని మాని రెండేళ్లు. ముప్ఫై ఏళ్లు పాండేసర దగ్గర ఒక కార్ఖానాలో కండెలు చుట్టాను. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే దారపు చుట్ట. చివరికి ఆ గదిలోని ఆడవాళ్లందరికీ నేనే పెద్దనయ్యాను. మా ఆయన ఇంకో కార్ఖానాలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు నడిపేవాడు. సాంచాల మోతలో మాట వినపడదు. అరిచి అరిచి నా గొంతు ఇట్లా గీరుకుపోయింది. అందుకని లోపల చేతులతోనే మాట్లాడుకుంటాం. పోగు తెగింది, కండె అయిపోయింది, సేటు వస్తున్నాడు, అన్నిటికీ సైగలున్నాయి. కాకపోతే ఒక కార్ఖానా సైగలు ఇంకో కార్ఖానాలో నడవవు. ఆయన చేసింది మా గదిలో లేని సైగ.

ఏదో అడిగాడు, సరే అన్నాను. ఒప్పుకున్నదేమిటో తెలియకపోతే చేసేదెట్లా? నాకు అన్నం సహించలేదు.

పరామర్శకు వచ్చిన వాళ్లకు ఆ సైగ చేసి చూపించాను. మా మరిది కళ్లు తుడుచుకుని, “పిల్లల బరువు నీ బుజం మీద పెడుతున్న అన్నడు వదినా” అన్నాడు. మా ఆయన పక్క సాంచాల మీద పనిచేసే రాజమల్లు తల దించుకుని, “ఇగ దేవుని తాన్కి పోతున్న అన్నడక్కా” అన్నాడు. ఒకే సైగకు రెండు అర్థాలేమిటి? రెండూ మంచిగానే ఉన్నాయి. ఏదీ మనసుకు పట్టలేదు.

ఆ వానాకాలంలో హైదరాబాదు నుంచి వసుధ అనే అమ్మాయి ఫోను చేసింది. భాషల మీద పరిశోధన చేస్తోందట, కార్ఖానా సైగలు పోగుచేస్తోందట. కరోనా వల్ల రాలేక వీడియోలోనే అడిగేది. నేను అక్షరాలు కూడబలుక్కుని చదివే మనిషిని. అయినా “ఈ విషయంలో మీరే టీచరమ్మ” అని నవ్వేది. మా గది సైగలన్నీ చూపించాక, ఒకరోజు మా ఆయన సైగ చేసి నేనే ఆమెను అడిగాను: “చదువుకున్నదానివి, గిదేందో చెప్పు బిడ్డా.”

చూసింది. మళ్లీ చేయమంది. “నాకు తెలియదమ్మా” అంది. అంత చదివీ తెలియదని చెప్పడం నాకు నచ్చింది. మావాళ్లు చెప్పిన రెండు అర్థాలూ చెప్పాను. అప్పుడు అడిగింది: “మీరు ఎవరిదని చెప్పి అడిగారు?”

“మా ఆయనదని. ఇంకెవ్వలదని చెప్పాలె?”

“అట్లా చెబితే మీ ముఖం చూసి చెప్తారమ్మా. ఎవరిదో చెప్పకండి. మీ ఆయన కార్ఖానా వాళ్లనే, ముగ్గురిని, విడివిడిగా అడగండి. ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పొద్దు. ఏ జవాబు వచ్చినా సరేనా?”

“వచ్చింది వచ్చినట్టు చెప్త” అన్నాను.

పొద్దున పాళీ, అంటే షిఫ్టు, మారే వేళకు ఆ కార్ఖానా గేటు ముందు చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. ముఖానికి మాస్కు, కొంగు, నన్నెవరూ గుర్తుపట్టలేదు. మన కరీంనగర్ వైపు పిల్లగాడొకడు నా సైగ చూసి పకపకా నవ్వాడు. “ఏందవ్వా, నువ్వు గిట సాంచాలు నడుపుతవా? బదిలీ పెట్టుమని గది. నేను రావాల్నా నీ బదిలీకి?” తర్వాత ఒక ఒడిశా మనిషి హిందీలో, “బద్లీ మాంగ్ రహా హై, మాతాజీ” అన్నాడు, బదిలీ అడుగుతున్నాడని. మూడో మనిషి చాయ్ కింద పెట్టకుండానే “బదిలీ” అన్నాడు.

బదిలీ అంటే, మనిషి పనికి రాలేనప్పుడు అతని చోట నిలబడే మనిషి. నాగా పెట్టేవాడు మేస్త్రీకి చెప్పి బదిలీని ఒప్పించాలి. అట్లా చేస్తే తిరిగొచ్చాక తన సాంచాలు తనకే ఉంటాయి. లేకుంటే మూడో రోజు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆయన నాకు బరువులు అప్పగించలేదు, వీడుకోలూ చెప్పలేదు. పనిలోకి తిరిగి వస్తాననుకున్నాడు. మేస్త్రీకి చెప్పమన్నాడు. నేను చెప్పలేదు. ఆయన పోయేనాటికి ఆయన సాంచాల మీద వేరే మనిషి నిలబడి ఉన్నాడు.

రాజమల్లును నిలదీశాను. “తెలుసక్కా. తెల్సి గూడ నీ ముంగట ఎట్ల చెప్పాలె?” అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. వసుధకు మాత్రం వచ్చింది వచ్చినట్టే చెప్పాను. ఆమె మా పేర్లు లేకుండా రాసుకుంది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది రెండు ముక్కలు. అర్థం కానిదానికి తల ఊపకూడదు. నిజం కావాలంటే, మన దుఃఖం ముందు పెట్టి అడగకూడదు. జనం దుఃఖానికి జవాబు చెప్తారు, ప్రశ్నకు చెప్పరు.

చెల్లెలి బిడ్డ లత ఇదంతా రాస్తోంది. లతా, ఇగ కలం పక్కకు పెట్టు. మొదటి సంది ఒక్కపారి చదువు బిడ్డా. నాకు మంచిగనిపియ్యాలని ఏడనన్న మార్చినవేమో. నా మొఖం సూడకుండ చదువు.