తోడల్లుడి పడవ మోటారు

తోడల్లుడు పాత పడవ మోటారు కొన్నప్పటి నుంచి నాకు కడుపుమంట. మగ్గాల మెకానిక్కునని, నీళ్లు పీల్చే రంధ్రాలతో సహా దాన్ని నేనే మగ్గాల దగ్గర మిగిలే నీలిపోగుల చెత్తతో తుడిచాను. సూరత్‌లో మగ్గాలను మేం తుడిచేది దాంతోనే.

తాపీ నదిలో దింపాక మోటారు అలారం ఉండుండి మోగేది. వైర్లన్నీ విప్పినా నాకేమీ దొరకలేదు. మా షెడ్డులోని ఇంకో మెకానిక్కు వచ్చి, వెనక చిమ్మే నీటిధార కింద చెయ్యి పెట్టాడు.

"నీళ్లు సన్నగొస్తున్నయ్. ఇంజన్ గరమై మోగుతున్నది," అంటూ రంధ్రంలోంచి నీలిపోగుల ముద్ద లాగాడు.

"ఉస్తాద్ అంటే నువ్వే భాయ్!" అన్నాడు తోడల్లుడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నదిల మస్తు చెత్త ఉంటది," అన్నాను.

ఆ మెకానిక్కు నా జేబులోంచి వేలాడుతున్న నీలిపోగును ఎవరూ చూడకుండా లోపలికి తోశాడు.

ఆ మంచితనం కూడా వాడికే ఉండాలా?