గోడ అవతలి ప్రింటర్

మా పెద్దమ్మను నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత నాకు ఎవరూ నీతులు చెప్పే పని ఉండదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. మా ఇల్లూ పెదనాన్న ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. పెదనాన్నకు అశ్వారావుపేట దారిలో పామాయిల్ తోట ఉంది కాబట్టి కొత్త కంప్యూటరూ ప్రింటరూ వాళ్ళింట్లో. మాకు ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి. వాళ్ళబ్బాయి, నాకు వరసకు అన్న, నీలం రంగు కేబుల్ కొనుక్కొచ్చి గోడ మీదుగా లాగి రెండింటినీ కలిపాడు. ఇక్కడ నేను నొక్కితే అక్కడ కాగితం వచ్చేది. వాళ్ళ కంప్యూటర్ ఆన్‌లో ఉంటేనే సుమా.

ఆ ప్రింటర్‌కు కాగితం పట్టే రేకు ఎప్పుడో విరిగిపోయింది. అచ్చయిన ప్రతి కాగితమూ నేల మీద పడేది. కాగితానికి కాలు తగిలితే సరస్వతికి తగిలినట్టేనని మా ఇళ్ళలో పట్టింపు. అందుకని పెద్దమ్మ గబగబా వచ్చి తీసి, కళ్ళకద్దుకుని, ఆ తర్వాత తీరిగ్గా చదివేది. నా కాగితం నా చేతికి వచ్చేసరికి అందులో ఏముందో వీధిలో సగం మందికి తెలిసేది.

అప్పుడే మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ పోస్టు పడింది. ఊరు దాటి ఉద్యోగానికి పంపనని నాన్న పట్టు. ఊళ్ళో నాకు తగిన ఉద్యోగం అదొక్కటే. ఏడాదిపాటు బస్సులో నిలబడి చండ్రుగొండ వెళ్ళి తెలుగు టైపింగ్ నేర్చుకున్నది అలాంటి దాని కోసమే. ఆఖరి రోజు పొద్దున దరఖాస్తు టైపు చేసి, నొక్కి, గోడ దగ్గరికి పరిగెత్తాను.

"పెద్దమ్మా, కాగితం వచ్చిందా?"

"ఏం రాలె బిడ్డా. కరెంటు పోయేటట్టుంది, బంద్ చేస్తున్న."

నిజంగానే బంద్ చేసింది. నేను సాయంత్రం దాకా పిచ్చిదానిలా మళ్ళీ మళ్ళీ నొక్కాను. చివరికి చేత్తో రాసుకుని ఆఫీసుకు వెళ్ళేసరికి గుమాస్తా తాళం వేస్తున్నాడు. ఎంత బతిమాలినా తీసుకోలేదు.

వారం తిరక్కుండా ఆ ఉద్యోగం అన్నకు వచ్చింది. వచ్చిన రెండో రోజే కాగితాల కట్టతో మా ఇంటికి వచ్చాడు.

"చెల్లె, తెలుగు టైపింగ్ నాకు రాదు. జర నువ్వే చేసిపెట్టాలె."

ఆ కట్టలో పొరపాటున అతని దరఖాస్తు నకలు కూడా ఉంది. చేత్తో రాసింది. చదివాను. ఒక్కో వాక్యం నాదే. పేరూ, తండ్రి పేరూ తప్ప అక్షరం మారలేదు. 'తెలుగు టైపింగ్ క్షుణ్ణంగా వచ్చును' అని కూడా దించేశాడు మహానుభావుడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మకు చూపిస్తే, "ఇంటి గుట్టు రచ్చకెక్కుతది, ఊకో" అంది.

ఊరుకున్నాను, నోటితో మాత్రమే. రెండు నెలలు అతని ఆఫీసు పనంతా నేనే టైపు చేశాను. ప్రతి పేజీ అడుగున 'టైపు చేసినవారు' అని పెట్టి నా పేరు కొట్టాను. మొదట్లో చిన్న అక్షరాలతో. ఎవరూ ఏమీ అనకపోయేసరికి కొంచెం పెద్దవి చేశాను. అన్న చూసుకోడనే నమ్మకం. వాళ్ళింట్లో కాగితాలు పడేవి, పెద్దమ్మ ఏరి కళ్ళకద్దుకునేది, అన్న కట్ట కట్టుకుని పోయేవాడు. ఆఫీసు కాగితాల్లో ఆవిడకు రుచి లేదు, చదివేది కాదు.

ఒకరోజు పై ఆఫీసరు సార్ ఆ ఫైలు తిరగేశాడట. నాకు కబురు వచ్చింది. వెళ్ళేసరికి అన్న గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. సార్ ఒక జాబితా ఇచ్చి టైపు చేయమన్నాడు. ఒక్కో అక్షరం పెద్దమ్మ వీపు మీద కొట్టినట్టు కొట్టాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ వారమే ఉద్యోగం నా పేరుకు మారింది.

ఆ ఆర్డరు కాగితం పట్టుకుని, పనిలేకపోయినా పెద్దమ్మ వాకిట్లోంచి ఇంటికి వచ్చాను. ఆవిడ చింతపండు ఒలుస్తోంది.

"నీ కొడుకు దరఖాస్తు మస్తుగ రాసిండు పెద్దమ్మా. అచ్చం నాలెక్కనే," అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. "వాడికేం తెల్వదే. నీ పేరున్న ముక్కలు చించి పొయ్యిల పెట్టింది నేను. మీ పెదనాన్న ఎవరితోనో రాయించుకొచ్చిండని చెప్పి, చూసి రాయమని వాడికిచ్చిన. కోపముంటే నన్ను తిట్టు. వాడి కొలువెందుకు ఊడగొట్టినవ్?"

ఉద్యోగం నాదే, నాకు రావలసిందే, అందులో నాకు ఇప్పటికీ రెండో మాట లేదు. కానీ పెద్దమ్మను ఏడిపిద్దామని నేను చేసిన పనికి ఆవిడ కంట చుక్క నీరు లేదు. పడాల్సిందంతా అన్న మీద పడింది. నా పగ కూడా సరిగ్గా తీరనివ్వని మనిషి ఆవిడ.

మర్నాడు ఆఫీసుకు పోతుంటే బస్సు స్టేజీ దగ్గర అన్న కనిపించాడు. పామాయిల్ మిల్లులో పనికి పోతున్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"సార్ మంచోడే చెల్లె, భయపడకు. కింద పేరెందుకు పెట్టిందని మొన్న నన్నడిగిండు. టైపు చేసేటోళ్ళకు గట్ల పెట్టుడు అలవాటు సార్, మా చెల్లె కావాలని పెట్టలేదని చెప్పిన. గంతే గదా?"

"అవ్ అన్నా," అన్నాను.