గడ్డి సంచుల తూకం

ఉద్యోగంలో ఆఖరి ఆరేళ్ళూ నాకు ఖరగ్‌పూర్ దగ్గర ఒక వరి పరిశోధన క్షేత్రంలో పోస్టింగు. హోదా టెక్నికల్ అసిస్టెంటు. మా నాన్న ఆ ఊరి రైల్వే వర్క్‌షాపులోనే ఫిట్టరు, నేను మట్టి పరీక్షల్లోకి పోయినాను. చేరిన ఆషాఢంలోనే గడ్డి సంచుల పని నాకు అప్పజెప్పినారు.

కోత అయ్యాక చేలో మిగిలిన గడ్డి, ఎప్పుడూ నీళ్ళు నిలిచుండే మడిలో ఎంత కుళ్ళుతుంది, తడుస్తూ ఆరుతూ ఉండే మడిలో ఎంత కుళ్ళుతుంది అన్నది ప్రశ్న. నీళ్ళ కింద గాలి ఆడదు గనక కుళ్ళడం నెమ్మదిస్తుంది. అదెంతో తేల్చడానికి, తూచిన ఎండుగడ్డిని నైలాను వల సంచుల్లో పెట్టి కుట్టి బురదలో పాతుతాం. నెలకోసారి కొన్ని తీసి, కడిగి, ఓవెన్లో ఆరబెట్టి తూస్తాం. ఎంత కడిగినా సన్నమట్టి గడ్డిని వదలదు. అందుకని కొంచెం నమూనాని ఫర్నేసులో కాల్చి, మిగిలిన బూడిదని బట్టి మట్టి ఎంతుందో లెక్కగట్టి తీసేయాలి.

సంచులు నింపేది నర్సమ్మ. ఖరగ్‌పూర్లోనే నిమ్‌పురా పేట మనిషి, మన తెలుగావిడే, భర్త పోయినాక మా దగ్గర రోజుకూలికి కుదిరింది. ప్రతి సంచీ నా ఎదటే తూచి కుట్టేది.

రెండో నెలలో ఫర్నేసు కాయిలు కాలిపోయింది. మెకానిక్ వచ్చేదాకా ఆగాలి. నేను ఆగలేదు. ఆలస్యమైతే మా సైంటిస్టుగారు కేకలేస్తారని, బూడిద లెక్క తియ్యకుండానే తూకాలు రాసి పంపించినాను. నీటిమడి సంచుల్లో కొన్ని, పాతినప్పటికన్నా ఎక్కువ తూగినాయి.

నీళ్ళలో గడ్డి పెరుగుతోందా అని ఆయన హిందీలో అడిగినారు. నింపిన మనిషి తూచకుండా కుక్కేసిందేమో అని మళ్ళీ ఆయనే అన్నారు. అది మట్టి బరువని నాకు అప్పటికే తెలుసు. అయ్యుండొచ్చు సార్ అన్నాను. అంత మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో, ఛీ.

మర్నాడు నర్సమ్మని పనిలోంచి తీసేసినారు. గేటు దగ్గర నన్ను ఆపింది.

"నీ ఎదటే తూసినాను గదా బాబూ. ఆ మాటొకటి సార్‌తో సెప్పు, సాలు. తప్పుడు పని సేసిందంటే రేపు నన్నెవులు పన్లో ఎట్టుకుంటారు?"

చెప్తానన్నాను. చెప్పలేదు.

ఫర్నేసు బాగయినాక నమూనాలు కాల్చి చూస్తే లెక్కలన్నీ సరిపోయినాయి. నీటిమడిలో గడ్డి, అనుకున్నట్టే, తక్కువ కుళ్ళింది. కొత్త తూకాలు సవరణ అని రాసి పంపినాను. తప్పెవరిదని ఆయన అడగలేదు. నర్సమ్మని మళ్ళీ పిలుద్దామని నేనూ అనలేదు, ఎందుకని అడిగితే నా సంగతి చెప్పుకోవాలి గదా. ఆవిడ సుభాష్‌పల్లిలో ఇళ్ళల్లో అంట్లు తోముతోందని తర్వాత విన్నాను.

లెక్క తేడాగా వస్తే ముందు నీ చేతిపని చూసుకో, ఆ తర్వాతే మనిషిని అనుమానించు అని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నాకు నేర్పినారు. తెలీక చేసింది కాదు నేను. ఆ సంచుల్లో నర్సమ్మ తూకం ఒక్క పరక కూడా తప్పలేదు. ఈ మాట ఇక్కడ రాయగలిగినాను. అదే ఊళ్ళో ఝపటాపూర్లో ఉన్న మా ఇంటి నుంచి నిమ్‌పురా ఎంతో దూరం లేదు. ఇంకా వెళ్ళలేదు.